కరివేపాకు కుండీలో పురుగు, కానుగ కింద పిల్లాడు

ఫ్లాట్లలో పెరుగుతున్న పిల్లలకు చెట్టూ పుట్టా, పిట్టా పురుగూ చూపించేదెలా అని చాలామంది రాశారు. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం.

మేం కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో ఉంటాం. బాబుకి ఏడేళ్లు. అనంతగిరి ఒకసారి, చిలుకూరు దగ్గర మృగవని పార్కుకి ఒకసారి తీసుకెళ్లాం. గంటసేపు పరిగెత్తి, చిప్స్ తిని, ఇంటికెళ్దామని గోల. ఇంకెక్కడికి తీసుకెళితే వాడికి ఆసక్తి పుడుతుంది?
— ఒక తల్లి, హైదరాబాద్

కొన్నాళ్లు ఎక్కడికీ వద్దండీ. కొత్త చోట అన్నీ కొత్తే కాబట్టి ఏదీ కంటికి ఆనదు. నిన్న లేనిది ఇవాళ కనిపిస్తేనే ఆ వయసు పిల్లాడు ఆగుతాడు. నిన్న ఏముందో తెలియాలంటే నిన్న కూడా అక్కడికే వెళ్లుండాలి. మీ గేటు నుంచి ఐదు నిమిషాల నడకలో ఒక చెట్టును ఎంచుకోండి. హైదరాబాద్ వీధుల్లో కానుగకు కొదవ లేదు, పిల్లలకు దానికంటే మంచి చెట్టు దొరకదు కూడా. ఎండలు ముదిరే వేళకు ఆకు రాల్చేసి, కొద్ది రోజుల్లోనే మెరిసే లేతాకు వేస్తుంది. తర్వాత లేత గులాబీ, తెలుపు కలిసిన పూలు కింద పేవ్‌మెంటు మీద చాపలా పరుచుకుంటాయి. కాయలు నెలల తరబడి చెట్టునే ఉంటాయి. ఏ వారం వెళ్లినా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ప్రతి ఆదివారం ఒకే వేళకు వెళ్లండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. నోట్‌బుక్‌లో తేదీ వేసి లేతాకు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, పువ్వు, కాయ అని ఆరు గళ్లు గీయండి. ఒక్కోదానికి 'లేవు', 'కొన్ని', 'చాలా' అన్న మూడు మాటల్లో ఒకటి వాడే రాయాలి. దేశమంతటా పిల్లలు చెట్లను గమనించే 'సీజన్‌వాచ్' కార్యక్రమంలోనూ పద్ధతి దాదాపు ఇదే. అందులో మీ చెట్టును నమోదు చేసుకుంటే వారం వారం రాసింది ఊరికే పోదు.

చెట్టు ఎంచుకునేటప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. కరెంటు తీగల కింద ఉన్నదాన్ని వదిలేయండి. వానాకాలం ముందు కొమ్మలు కొట్టేస్తారు, వాడి ఆరు నెలల లెక్క ఒక్క పూటలో పోతుంది.

నాలుగో వారానికి 'ఏం మారలేదమ్మా' అంటాడు, అది మామూలే. అప్పుడు చెట్టంతా చూడమనకండి. మాను మీద మీ చేతి జానెడు మేర చూపించి, చీమలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో, వేలితో ఆ దారిని తుడిచేస్తే ఏం చేస్తాయో చూడమనండి. కానుగ ఆకు తిప్పితే మొటిమల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఆకుకు రోగం కాబోలు అనుకుంటారు గానీ, అవి కంటికి ఆనని నల్లులు (మంచంలో ఉండేవి కాదు, మొక్కల మీద బతికే మైట్స్) కట్టించుకున్న ఇళ్లు. ఒక ఆకు తెచ్చి బుడిపెలు లెక్కపెట్టిస్తే మర్నాడు ఇంకో ఆకు వాడే తెస్తాడు.

ఒక్క సంగతి మీ వైపు నుంచి. 'ఇదేంటో చెప్పు, దాని పేరేంటో చెప్పు' అని పరీక్ష పెట్టకండి. పేర్లు తర్వాత వస్తాయి. ఆదివారం పూట కూడా క్లాసే అనిపిస్తే వాడు మళ్లీ రాడు.

బాల్కనీలో కరివేపాకు కుండీ ఉంది. దాని మీద పిట్ట రెట్టలా ఉన్న పురుగులు కనిపించాయి. మందు కొడదామంటే మా పాప (పదేళ్లు) ఒప్పుకోలేదు, పెంచుతానంటోంది. పెంచొచ్చా? కిందటేడు ఇలాగే సీసాలో వేస్తే మూడో రోజుకి చచ్చిపోయాయి.
— ఒక తండ్రి, నెల్లూరు

మందు ఆపిన పాపకు ముందు మా అభినందనలు. అవి చాలావరకు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు అయ్యుంటాయి. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు అన్నీ ఒక కుటుంబపు చెట్లు. తల్లి చిగుళ్ల మీద ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. లేత పసుపు రంగులో ఆవగింజకంటే చిన్నదిగా ఉంటుంది. పిల్ల పురుగు మొదట్లో నలుపు, తెలుపు మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, పిట్టలు తినకుండా ఆ వేషం. ఆఖరిసారి చర్మం మార్చుకున్నాక పచ్చబడుతుంది. అప్పుడు మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ ఎరుపు రంగు కొమ్ములు రెండు పొడుచుకొచ్చి ఘాటు వాసన కొడుతుంది. మనకేం హాని లేదు. పాపకు ఒక్కసారి చూపించండి, పదేపదే తాకనివ్వకండి.

కిందటేడు చచ్చిపోవడానికి కారణం మూత గానీ ఆకు గానీ అయ్యుండాలి. మూత బిగించిన సీసాలో తేమ చేరి బూజు పడుతుంది. బజారు కరివేపాకు మీద మందు ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. అది పెట్టిన పూటే పురుగు వాడిపోయి వేలాడుతుంది.

ఈసారి మూడు నుంచి ఐదు లీటర్ల వెడల్పు మూతి బిస్కెట్ డబ్బా తీసుకోండి. మూతకు బదులు దోమతెర గుడ్డ వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. అడుగున పాత పేపరు పరచండి. చిన్న సిరప్ సీసాలో నీళ్లు పోసి కరివేపాకు రెమ్మ గుచ్చి, సీసా మూతిని దూదితో గట్టిగా మూసేయండి. ఇది మరిస్తే పురుగు కాడ వెంబడి దిగి నీళ్లలో మునుగుతుంది. డబ్బాకు మూడు, నాలుగు పురుగులకు మించొద్దు. పొద్దున్నే పేపరు మార్చాలి, రెమ్మ వాడకముందే కొత్తది పెట్టాలి. పురుగును వేళ్లతో పీకకూడదు, పాత రెమ్మను కొత్తదానికి ఆనిస్తే అదే ఎక్కుతుంది. ఒకరోజంతా కదలకపోతే జబ్బు చేసిందని కాదు, చర్మం మార్చుకుంటోంది. ఆ రోజు దాని జోలికి వెళ్లొద్దు.

ఆఖరి దశలో తిండి చూసి భయపడతారు. మూడు పురుగులు చిన్న కుండీని రెండు రోజుల్లో బోడి చేస్తాయి. పక్కింటివాళ్ల మందు కొట్టని చెట్టు ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి. తర్వాత తిండి మానేసి, నీళ్లగా విసర్జించి, డబ్బా అంతా తిరుగుతుంది. అప్పుడొక ఎండు పుల్లను ఏటవాలుగా నిలబెట్టండి. పుల్లకు తోక దగ్గర అతుక్కుని, నడుము చుట్టూ పట్టుదారం ఒకటి చుట్టుకుని ప్యూపా (సీతాకోకచిలుకగా మారే గూటి దశ) అవుతుంది. పచ్చని కాడ మీదైతే పచ్చగా, ఎండు పుల్ల మీదైతే గోధుమ రంగులో ఉండడం ఎక్కువ. అక్కడి నుంచి ఎనిమిది, పది రోజులు పడుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. రంగు నల్లబడి లోపలి రెక్కల మచ్చలు కనిపిస్తే మర్నాడు పొద్దున బయటికొస్తుంది. స్కూలు సెలవు కాకపోతే పాప మీతో గొడవ పెట్టుకుంటుంది, సిద్ధంగా ఉండండి.

బయటికి రాగానే రెక్కలు ముడతలుగా ఉంటాయి. అది నిటారుగా ఎక్కి రెక్కల్ని కిందికి వేలాడదీసుకోవాలి. చోటు చాలకపోతే రెక్క వంకరగానే ఆరిపోతుంది, ఇక ఎగరలేదు. ఆ సమయంలో రాలే ఎర్రటి చుక్కలు నెత్తురు కాదు. గంటా రెండు గంటలు ఆగి, ఎండ వచ్చాక బాల్కనీలో తెర తీసేయండి.

కొన్నిసార్లు ప్యూపా పక్కన గుండ్రటి చిల్లు పడి చిన్న కందిరీగలు వస్తాయి. సీతాకోకచిలుక రాదు. పాప ఏడుస్తుంది. దాచకుండా చూపించండి. పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి బతికే జాతులవి. అవి లేకపోతే ఊళ్లో నిమ్మతోటలకు ఆకు మిగలదు.

మట్టిలో ఆడితే నులిపురుగులు, ధనుర్వాతం వస్తాయని మా అత్తయ్యగారు బాబును కిందకు దించనివ్వరు. ఆవిడకు ఏం చెప్పాలి?
— ఒక కోడలు, రాజమహేంద్రవరం

ఆవిడ భయం ఉత్తది కాదు, మందు మాత్రం ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. టీకా కార్డు తీసి చూడండి. ఐదారేళ్లకు డీపీటీ బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పడ్డాయా? నులిపురుగుల మాత్ర (అల్బెండజోల్) ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో వేస్తారు. ఇవి రెండూ సరిగా ఉండి, చెప్పులు వేసుకుని దిగి, తిండికి ముందు గోళ్ల సందుల్లో కూడా సబ్బుతో కడిగితే చాలు. కుక్కలు, పిల్లులు మలవిసర్జన చేసే ఇసుక గుట్టలు, వాన తర్వాత నిలిచిన మురుగు నీళ్లు మాత్రం వద్దు. అత్తయ్యగారిని కూడా కింద కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఆవిడ చిన్నప్పటి మొక్కల పేర్లు మీ ఎవరికీ తెలిసుండవు.

నేను ఏడో తరగతి సైన్సు టీచర్ని. నలభై మంది పిల్లల్ని మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకు తీసుకెళ్లాలని ఉంది. కిందటిసారి వేరే చోటుకు వెళ్తే సగం మంది ఎండకు డీలా పడ్డారు, మిగతావాళ్లు వర్క్‌షీటు ఒకళ్లది చూసి ఒకళ్లు నింపేశారు. సిలబస్ పోతుందని హెచ్ఎం గారి బాధ ఒకటి.
— ఒక టీచర్, విజయవాడ

హెచ్ఎం గారికి రెండు మాటలు. పర్యావరణాన్ని బళ్లలో బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు బ్యాగు లేకుండా ఉండాలంది. అందులో ఒక రోజు అడగండి.

వర్క్‌షీటు విఫలం కావడానికి కారణం పిల్లలు కాదు, వర్క్‌షీటే. ముప్ఫై ఖాళీలిస్తే వాళ్ల పని ఖాళీ నింపడం అవుతుంది, చూడడం కాదు. ఒక్క ప్రశ్న ఇవ్వండి: 'ఈ గంటలో నువ్వు చూసినవాటిలో ఏది ఏం తింటోంది?' నలభై మందీ ఒకటే రాయడం కుదరదు.

సీతాకోకచిలుకలు వానల తర్వాత ఎక్కువ, కాబట్టి సెప్టెంబరు, డిసెంబరు మధ్య పెట్టుకోండి. పిట్టలకైతే తెల్లవారకముందే ఉండాలి గానీ వీటికి ఎండ తగిలితేనే రెక్కలు కదులుతాయి. ఎనిమిదికి అక్కడుంటే పదకొండుకు బయల్దేరొచ్చు. అటవీ శాఖకు ముందుగా ఉత్తరం పెట్టండి. వారం ముందు మీరు ఒక్కరే, అదే వేళకు వెళ్లి నడిచి రండి. నీడ ఎక్కడుంది, టాయిలెట్ ఉందా, బస్సు ఎక్కడ ఆగుతుంది, రాళ్లకో కొమ్మలకో పెద్ద తేనెపట్టు ఉందా చూడండి. తేనెపట్టు ఉంటే దారి మార్చండి. మీ పిల్లల్లో ఒకడు రాయి విసురుతాడు, అనుమానం అక్కర్లేదు.

ఎనిమిది మందికి ఒక పెద్దవాళ్ల లెక్కన ఐదు గుంపులు చేయండి. మీకూ తోటి టీచర్లకూ తోడు తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు వస్తే సరిపోతుంది. మనిషికి లీటరు నీళ్లు, పైన ఇరవై లీటర్ల క్యాను ఒకటి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది. టోపీ, బూట్లు, నిండు చేతుల చొక్కా. సెంటు వద్దు. బస్సెక్కే ముందు ఇడ్లీ తినిపించండి. ఖాళీ కడుపుతో ఎక్కిన పిల్లలు బస్సులో వాంతి చేసుకుని, దిగాక ఎండకు కూలబడతారు. కిందటిసారి డీలా పడ్డవాళ్లలో ఎంతమంది ఏం తినకుండా వచ్చారో ఒకసారి అడిగి చూడండి.

దిగగానే నడిపించకండి. పది నిమిషాలు ఎడంగా కూర్చోబెట్టి శబ్దాల పటం గీయించండి. కాగితం మధ్యలో చుక్క, అది 'నేను'. ఏ వైపు నుంచి ఏ శబ్దం వస్తే ఆ వైపు గుర్తు, దగ్గరైతే దగ్గరగా, దూరమైతే అంచున. బస్సు గోల దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. తర్వాత తాడు పని. నాలుగు మీటర్ల పురికొసను కొసలు ముడివేసి నేల మీద చతురస్రంగా పరిస్తే మీటరు చదరం వస్తుంది. ఇద్దరికి ఒక చదరం, ఒక భూతద్దం, ఇరవై నిమిషాలు. అందులో ప్రాణమున్నదీ, ఒకప్పుడు ప్రాణమున్నదీ అన్నీ లెక్క రాయాలి. గడ్డి పరక, ఎండుటాకు, చీమ, ఈక ముక్క, సాలీడు గూడు ఏదైనా సరే.

భూతద్దం పట్టుకోవడం చాలామందికి రాదు. చేయి చాచి పట్టి మసకగా ఉందంటారు. పదింతల భూతద్దమైతే కంటికి ఆనించి పెట్టి, ఆకునే దగ్గరికి తీసుకురావాలి. సూర్యుడి వైపు చూడకూడదు, ఎండుటాకుల మీద ఎండను పోగేయకూడదు. ఈ రెండూ బస్సులోనే చెప్పండి.

పాము భయం గురించి ముందుగా తల్లిదండ్రులకు రాయండి. చేయి కనిపించని చోట చేయి పెట్టకూడదు, రాయి తిప్పకూడదు. ఎవరినైనా కాటేస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయడం, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడం. ఆ ఆసుపత్రి ఏదో ముందు రోజే కనుక్కోండి. తేనెటీగలు రేగితే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని బస్సులోకి పరుగు.

ఏడాదిలో మూడు ట్రిప్పులకు అనుమతి వస్తే మూడు ఊళ్లు తిప్పకండి. సెప్టెంబరులో, డిసెంబరులో, మార్చిలో అదే చోట అదే చదరం పరవండి. మూడు లెక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు అడిగే ప్రశ్నలు మీరు పాఠంలో ఎంత చెప్పినా అడగరు.

జూన్‌లో బడిలో సీడ్‌బాల్స్ (గింజలు పెట్టిన మట్టి ఉండలు) చేయించి కొండల మీద విసిరిస్తున్నాం. మంచిదేనా?
— ఒక పర్యావరణ క్లబ్ బాధ్యులు, వరంగల్

ఫొటోలకు మంచిది. మొక్కలకైతే విత్తనాన్ని బట్టి ఉంటుంది. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది, కిందటేడుది వాడితే మట్టి ముద్దే మిగులుతుంది. రేల గింజ తోలు గట్టిది, ఒక పక్క గరుకు రాతి మీద అరగదీయకపోతే నెలలు అలాగే పడి ఉంటుంది. సుబాబుల్ అసలొద్దు, అది ఎక్కడ పడితే అక్కడ కమ్మేస్తుంది. మూడు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు చివికిన ఎరువు, ఉండకు ఒకటి రెండు గింజలు, నీడన ఆరబెట్టాలి. పూర్తిగా బంకమట్టి వాడితే వానకు కరగదు. చేసిన వాటిలో ఇరవై ఉండల్ని బడి ఆవరణలోనే ఒక మూల వేసి ఎన్ని మొలిచాయో పిల్లలతో లెక్కపెట్టించండి. ఆ లెక్క చూశాక విసరాలో, నర్సరీ సంచుల్లో పెంచాలో పిల్లలే చెబుతారు.

డాక్టరు గారు మా పాపకు హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనిపించడం) పెరగకుండా రోజూ బయట ఆడించమన్నారు. బాల్కనీలో కూర్చుని చదువుకుంటే సరిపోదా?
— ఒక తల్లి, తిరుపతి

బాల్కనీలో వెలుతురు దొరుకుతుంది గానీ కన్ను జానెడు దూరంలో పుస్తకం మీదే ఉంటుంది. బయట చెట్టు నీడలో కూడా ఇంట్లో ట్యూబులైటు కింద కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. చూపు దూరానికీ పోతుంది. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం ఇందుకే పెట్టారు. మన ఎండల్లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంటగా విడగొట్టండి. అద్దాలు రాకుండా కాపాడడంలో దీని మేలు ఎక్కువ. వచ్చిన నంబరును ఇది తగ్గించదు కాబట్టి అద్దాలు మాత్రం తీయించకండి.

మనవలు ఇద్దరు, ఎనిమిది, పదకొండేళ్లు. ఆర్కే బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టి విసుగెత్తారు. తెన్నేటి పార్కు కింద రాళ్లలో సముద్ర జీవులు కనిపిస్తాయంటున్నారు. ఎప్పుడు వెళ్లాలి?
— ఒక తాతగారు, విశాఖపట్నం

ఆటు పట్టిక చూసుకోకుండా వెళ్తే రాళ్లు తప్ప ఏమీ కనబడవు తాతగారూ. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో నీరు అన్నిటికంటే ఎక్కువగా తీస్తుంది. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, పగటి వెలుతురులో పడే రోజును పట్టికలో ఎంచుకోండి. నీరు పూర్తిగా తీయడానికి గంట ముందు దిగి, తిరిగి పోటు మొదలైన అరగంటకల్లా పైకి వచ్చేయండి.

గుంటల్లో సన్యాసి పీతలు, రాళ్లకు కరుచుకున్న బార్నకిల్స్, పువ్వులా విచ్చుకుని తాకితే ముడుచుకునే సీ అనెమొనీలు ఉంటాయి. గుంట పక్కన నీడ పడకుండా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే గవ్వలన్నీ నడవడం మొదలుపెడతాయి. చిన్నాడికి ఆ ఐదు నిమిషాలే కష్టం, వేళ్ల మీద వంద లెక్కపెట్టించండి. రాయి తిప్పితే మళ్లీ ఎలా ఉందో అలాగే బోర్లించాలి, లేకపోతే అడుగునున్నవి ఎండకు చస్తాయి. శంకువు ఆకారంలో నున్నగా, నగిషీలు చెక్కినట్టు ఉండే గవ్వను చేత్తో ఎత్తనివ్వకండి. లోపల జీవి ఉంటే విషపు ముల్లు గుచ్చుతుంది. గవ్వలు ఇంటికి తేవడం కూడా వద్దు, ఖాళీ గవ్వ సన్యాసి పీతకు ఇల్లు. కొన్ని జాతుల్ని తీసుకెళ్లడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

హవాయి చెప్పులు నాచు మీద జారతాయి, పట్టున్న పాత బూట్లు వేయించండి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. అల్పపీడనం అంటే ఆ రోజు మానేయండి.

వేసవి సెలవులకు మనవరాళ్లు హైదరాబాద్ నుంచి వస్తారు. రోహిణి కార్తె ఎండకు బయటికి పంపలేం. రోజంతా టీవీనే.
— ఒక అమ్మమ్మ, కరీంనగర్ జిల్లా

పగలు వదిలేయండమ్మా. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది మీవి. గాలి లేని, వెన్నెల లేని రాత్రి పెరట్లో దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి, ముందు ఒక తెల్ల బల్బు పెట్టండి. అరగంటలో రెక్కల పురుగులు వాలతాయి, దాని చుట్టూ బల్లి, కప్ప చేరతాయి. నారింజ, నలుపు పట్టీలున్న సన్నటి పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయాలి. నలిగితే చర్మం కాలినట్టు పొక్కుతుంది, వెంటనే సబ్బుతో కడగాలి. తేళ్లుంటాయి కాబట్టి టార్చి, చెప్పులు తప్పనిసరి.

అసలు మీ దగ్గరున్నది కార్తెల లెక్క. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. గోడ క్యాలెండరు మీద ఒక్కో కార్తెకు ఎదురుగా ఏ పిట్ట కూసింది, ఏ చెట్టు పూసింది పిల్లల చేత రాయించండి. బళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, ఆరుద్ర పురుగులు కనిపించే ఆరుద్ర కార్తె జూన్ 21, 22కు గానీ రాదు. కాబట్టి మంచి తొలకరి పడిన మర్నాడు ఆదివారమైతే మీ అల్లుడిగారికి ఫోన్ చేసి పిల్లల్ని ఒక్క పూటకు తెమ్మనండి. కాంక్రీటు కింద మట్టి కప్పబడిపోయిన కాలనీల్లో ఆరుద్ర పురుగు కనిపించదు, మీ చేను గట్టు మీద కనిపిస్తుంది. ఎండ ఎక్కకముందే వెళ్లాలి. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని ఎర్ర మఖమల్ బొత్తాంలా ఊరుకుంటుంది. కదలకుండా ఉంటే ఒక్కొక్క కాలే బయట పెడుతుంది. లెక్కపెట్టమనండి, ఎనిమిది వస్తాయి. అంటే పేరుకే పురుగు, చుట్టరికం సాలీడుతో. అగ్గిపెట్టెలో వేసి హైదరాబాద్ తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి, తడి లేక దారిలోనే ఎండిపోతుంది.